మేనరికము - రక్తపు లెక్క

మేనరికమన్న మాట మన తెలుగిండ్లలో చెవికింపైనది. ఎఱిగిన పిల్ల, ఎఱిగిన యిల్లు, ఎఱిగిన అత్త. ఆస్తి చీలదు, కట్నపు బేరము ముదురదు, ఆడుబిడ్డకు పుట్టినింటి గడప దూరము కాదు. బోధాయనుడు తన ధర్మసూత్రములలో దక్షిణదేశపు ఆచారములను చెప్పుచు మేనమామ కూతును, మేనత్త కూతును పెండ్లాడుటను పేర్కొనియే యున్నాడు. సుభద్ర అర్జునునకు మేనమామ కూతురని తెలియని పిల్ల మనలో నుండదు. ఇంత ప్రాచీనమైన యాచారమును ప్రశ్నించుట మాకును సులభము గాలేదు. గాని ప్రశ్న మా యింటనే పుట్టినది.

మా అత్తగారు తమ కడగొట్టు కుమారునకు పెద్దకూతురి కూతునే చేసికొనవలెనని యెన్నడో తలచి యుంచినారు. ఆ పిల్ల చదువరి, గుణవతి. ఆమె తమ్ముడు మాత్రము పుట్టుచెవిటివాడు. ఆ పిల్లల తండ్రియు మా ఆడుబిడ్డకు మేనత్త కొడుకే. బాలుని చెవుడునకు ఇన్నేండ్లును నిందమోసినది తల్లి యొక్కతెయే. గర్భవతియై యుండి గ్రహణమునాడు వెలుపలికి వచ్చినదని ఒకరు, ఆమె కడుపే మంచిది కాదని మఱియొకరు. ఆమె యేనాడును బదులు పలుకలేదు.

ఈ విషయమున లోకమునకు మొదట వెలుగు చూపినది పసిబిడ్డల గుడ్డలే యనిన మన సోదరీమణులకు వింతగా నుండవచ్చును. లండను నగరమున ఆర్చిబాల్డు గారడు అను వైద్యుడుండెను. కొందఱు శిశువుల మూత్రము గాలి సోకినంతనే నల్లబడును. సబ్బుతో నుతికిన కొలది ఆ మరక మఱింత నలుపెక్కును. చాకలికి గాని తల్లికి గాని ఇది తెలియక పోదు. ఆ కాలపు వైద్యులు కొందఱు దీనిని ప్రేగులలోని క్రిముల పని యనుకొనిరి. గారడు నమ్మలేదు. ఇట్టి బిడ్డలున్న యొక యింట 1901లో మఱియొక శిశువు జన్మింపగా, ఆ గుడ్డలను కనిపెట్టి చూడుడని దాదులకు చెప్పెను. కొలది దినములకే మరక కనబడెను. అంత పసికందునకు క్రిములెక్కడివి? పుట్టుకతోడనే వచ్చినదని తేలెను. తలిదండ్రులను విచారింపగా వారి తల్లు లిద్దఱును అక్కచెల్లెండ్రు. తక్కిన కుటుంబములను వెదకినను దగ్గఱి చుట్టఱికమే పలుమాఱు కనబడెను. మెండెలు అను సన్న్యాసి బఠాణీ మొక్కలలో కనుగొన్న ధర్మమే యిచ్చట నడచుచున్నదని బేట్సను పండితుడు సూచింపగా, గారడు 1902లో ఆ సంగతిని ప్రకటించెను. ఈ గారడు ముగ్గురు కుమారులను మొదటి మహాయుద్ధ కాలమున, దాని వెంటనే పోగొట్టుకొనెను. మిగిలిన కుమార్తె డొరొతి 1939లో కేంబ్రిడ్జి విద్యాపీఠమున ఆచార్యపదవి నందిన మొదటి స్త్రీ యయ్యెను. ఇది ప్రస్తుతమునకు చేరదు గాని చెప్పక విడువ మనసొప్పలేదు.

ఆ ధర్మమును మనకు తెలిసిన తాళపత్రముల మాటలలో చెప్పుదము. దేహమును నడుపు ప్రతి గ్రంథమును మనలో రెండేసి ప్రతులుగా నుండును. తల్లి యిచ్చినదొకటి, తండ్రి యిచ్చినదొకటి. ఒక ప్రతిలో లేఖకదోషమున్నను, రెండవది సరిగా నున్నచో దేహము పని జరుపుకొనును. దోషము లేని మానవుడు లేడు. ఒక్కొక్కరిలో నిట్టివి కొన్ని నిశ్శబ్దముగా నుండనే యుండును. బయటి సంబంధములో వరుని తప్పొకచోటను, వధువు తప్పు మఱియొక చోటను ఉండుట సాధారణము. ఒకే తాతయింటి మూలమునుండి వ్రాసికొన్న ప్రతులైనచో, ఒకే పంక్తిలో ఒకే తప్పు రెంటను ఉండవచ్చును. అప్పుడే వ్యాధి పైకి వచ్చును.

మనకు అక్కచెల్లెండ్ర బిడ్డలు తోబుట్టువులు, మేనత్త బిడ్డలు వరుసైనవారు. రక్తము ఈ వరుసల నెఱుగదు. ఇద్దఱియందును ఎనిమిదవ పాలు సమానమే. మేనమామకును మేనకోడలికిని నాలుగవ పాలు.

అట్లని మేనరికపు బిడ్డలందఱును రోగులనుట అసత్యము. ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డు నగరమున వేలకొలది శిశువులను పరిశీలించి 2013లో ప్రకటించిన లెక్కను బట్టి, పుట్టుకలోపములు సామాన్యముగా 100కి 3 అయినచో, పెదతల్లి పినతల్లి, మేనత్త మేనమామ బిడ్డల పెండ్లిండ్లలో 6 వఱకు నుండును. అనగా 94 మంది ఆ లోపములు లేకయే పుట్టుదురు. మన యాంధ్రదేశపు మేనరికములను ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాను గారలు పరిశోధించి 1963లోనే వ్యాసము వెలువరించిరి. పిఠాపురమువాడైన ద్రోణంరాజువారు హాల్డేను పండితునికి శిష్యులు.

సామాన్యపు లెక్క యొకటి, ఇంట నిదివఱకే వ్యాధి కనబడినప్పటి లెక్క వేఱొకటి. పుట్టుచెవుడు పెక్కు కారణముల వలన కలుగును; గర్భమునందు తల్లికి వచ్చిన పొంగు జ్వరమైనను కారణము కావచ్చును. వంశపు చెవుడునకు ముఖ్యకారణమైన కనెక్సిను అను పదార్థపు దోషమును 1997లో కనుగొనిరి. మా బాలుని రక్తమును పరీక్షింపగా రెండు ప్రతులును దోషములే యని వచ్చినది. అక్కకు ఒక ప్రతియందు దోషముండుటకు 3కి 2 పాళ్లు, మేనమామకు 2కి 1, ఇద్దఱికి నున్నచో బిడ్డకు 4కి 1. గుణించిన 12కి 1 అగును. వైద్యురాలు కాగితముపై నీ యంకెలు వేసి చూపి, "పెండ్లి వలదని నేను చెప్పను. ముందు ఇద్దఱును పరీక్ష చేయించుకొనుడు. తలిదండ్రులిద్దఱును ఒక్కొక్క ప్రతి యిచ్చినారు, తప్పు ఒకరిది గాదు" అనినది. ఆ మాట విని మా ఆడుబిడ్డ కొంగు నోట నదుముకొని వెలుపలికి పోయినది.

పిల్లయు, మా మఱదియు రక్తమిచ్చి వచ్చినారు. ఫలము ఇంకను రావలసి యున్నది. అత్తగారు పంచాంగమును మరల బీరువాలో పెట్టినారు. మొన్న సూర్యగ్రహణపు ప్రసంగము వచ్చినప్పుడు, ఇరుగమ్మ పాతపాట యెత్తబోగా, "మా పిల్లవాని సంగతి దానికి సంబంధించినది కాదులే" యని ఆమెయే కసరినారు.