ఆశువు: అప్పటికప్పుడు పుట్టే మాట

సంస్కృతంలో ‘ఆశు’ అంటే వేగం. త్వరగా కోతకొచ్చే వరికీ ఆ పేరే పెట్టారు; బెంగాల్ రైతుల ‘ఆవుస్’ పంట పేరు అందులోంచి వచ్చిందే. తెలుగులో అది పద్యానికి అంటుకుంది. కలం పట్టకుండా అక్కడికక్కడ చెప్పేది ఆశువు. అష్టావధానంలో అదొక అంశం కూడా.

పండిత సభల సంగతి సరే, శ్రీకాకుళం పల్లెల్లో ఆ విద్య జముకుల కథలో బతికింది. ఒకవైపు తోలు బిగించిన గుల్లలోంచి తంతి లాగి మీటితే జముకు గుమ్ముమంటుంది. కథకుడు పాడుతుంటే పక్కవాళ్లు వంత అందుకుంటారు, నడుమ ఊరి కబుర్లు దూర్చి నవ్విస్తారు. ఆ ముక్కలు ఏ పుస్తకంలోనూ దొరకవు. ఎదురుగా కూర్చున్న జనాన్ని బట్టి పుడతాయి.

పలాస దగ్గరి బొడ్డపాడులో పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి, 1969 డిసెంబరులో పోలీసు కాల్పుల్లో మరణించేలోపు, ఈ జముకుల కథనే శ్రీకాకుళం గిరిజన పోరాటానికి మళ్లించారు. పురాణ పాత్రల చోట షావుకార్లు, భూస్వాములు వచ్చి నిలబడ్డారు.