జట్కా కమాను నుంచి రేసు స్ప్రింగు దాకా

మా చిన్నతనంలో బళ్ళారి రైల్వే స్టేషను ముందు జట్కాలు బారులు తీరి ఉండేవి. బేరమాడే ముందు మా నాయన గుర్రాన్ని చూసేవాడు కాదు. వంగి, బండి కింద కమానుపట్టీలు చూసేవాడు. "గుర్రం పరుగు దాని ఇష్టం. మన నడుము మాత్రం కమాను చేతిలో ఉంది" అనేవాడు. ఆ మాటలో ఎంత సత్యముందో ఇన్నేళ్ళ తర్వాత మా అబ్బాయి పుణ్యమా అని నాకు తెలిసింది.

నేను కామర్సు చదివినవాణ్ణి. బ్యాంకులో అప్పులిచ్చే ఉద్యోగం. కార్ల గురించి నాకు తెలిసిందల్లా లోను కాగితాల వరకే. మావాడు బెంగుళూరులో ఇంజనీరు. వారమంతా తన స్విఫ్టు కారులో ఆఫీసుకు వెళ్తాడు. ఏడాదికి రెండుసార్లు కోయంబత్తూరు వెళ్ళి, అదే కారును రేసు ట్రాకు మీద తిప్పుతాడు. పందేనికి కాదు, సరదాకి. మొదట విన్నప్పుడు మా ఇంట్లో రెండు రోజులు ఎవరూ సరిగా భోజనం చేయలేదు.

అవ్వ వేసిన ప్రశ్న

ఒక దసరాకి వాడు మా అమ్మను బెంగుళూరు నుంచి బళ్ళారికి తీసుకొస్తున్నాడు. హిరియూరు దాకా మంచి హైవే. అక్కడినుంచి చళ్ళకెరె మీదుగా వచ్చే దారిలో ఊరికో స్పీడు బ్రేకరు. చళ్ళకెరె దాటాక ఒక పల్లె దగ్గర కారు అడుగు "ధన్" మని తగిలి, ఆయిల్ చాంబరు పగిలింది. ఇంజను ఆయిలంతా రోడ్డు పాలు. ఎనభై రెండేళ్ళ అవ్వ వేపచెట్టు కింద మూడు గంటలు కూర్చుంది. ఇంటికొచ్చాక ఆమె అడిగింది ఒకటే. "ఒరే అబ్బాయీ, నువ్వు కొన్నది కారా, రోలా? దారంతా దంచినట్టుందే!"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. కారు కిందికి ఉంటే మలుపుల్లో బాగా నిలుస్తుందని ఎవరో చెబితే, ఒక గ్యారేజీలో స్ప్రింగులను చుట్టున్నర మేర కోయించాడట! కంపెనీ లెక్క ప్రకారం ఆ కారుకీ నేలకీ మధ్య 163 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. కోతతో నలభై అయిదు పోయాయి. పైగా మనుషులు, సామాను.

నేను కేకలేశాను. వాడు తల వంచుకుని విని, చివర్లో మెల్లగా అన్నాడు: "తప్పే నాన్నా. అందుకే ఈసారి సరైనది వేయిస్తాను. ఎత్తూ బిగువూ మనమే మార్చుకోగల సస్పెన్షను. లక్షా ఇరవై వేలు. నువ్వు కొంచెం సర్దితే..."

అప్పు దరఖాస్తు వచ్చింది కనుక, అలవాటు ప్రకారం నేను విచారణ మొదలుపెట్టాను.

స్ప్రింగు పని వేరు, షాకబ్జరు పని వేరు

మా ఆఫీసు పక్క వీధిలోని లారీ మేస్త్రీ ఒకాయన నాకు తొలి పాఠం చెప్పాడు. 2011లో సుప్రీంకోర్టు మా జిల్లాలో గనుల తవ్వకం ఆపించేదాకా ఇనుప ఖనిజం లారీలు పగలూ రాత్రీ తిరిగిన ఊరు మాది. కమాన్లు విరగడం, బిగించడం ఆయనకు నిత్యకృత్యం.

స్ప్రింగు బరువు మోస్తుంది. గుంటలో పడ్డప్పుడు నలిగి, తిరిగి లేస్తుంది. దాన్ని అలాగే వదిలేస్తే ఊయలలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపేది షాకబ్జరు. దానిలోని నూనె సన్నని రంధ్రాల గుండా పోతూ ఊపులోని శక్తిని వేడిగా మార్చేస్తుంది. ఈ రెంటికీ జత కుదరాలి. స్ప్రింగు కోస్తే అది పొట్టిదవడమే కాదు, గట్టిపడుతుంది కూడా. షాకబ్జరు మాత్రం పాతదే. ఆ జత చెడింది కాబట్టే అవ్వ నడుము విరిగినంత పనైంది.

స్ప్రింగు గట్టితనాన్ని, ఒక మిల్లీమీటరు నొక్కడానికి ఎన్ని కిలోల బరువు కావాలి అన్న లెక్కతో కొలుస్తారు. ఒక స్ప్రింగు మీద అదనంగా 100 కిలోలు పడిందనుకోండి. రెండున్నర కిలోల స్ప్రింగు 40 మిల్లీమీటర్లు దిగుతుంది. ఆరు కిలోల స్ప్రింగు 17 మాత్రమే దిగుతుంది. మలుపులో బరువంతా ఒకవైపు ఒరిగినప్పుడు గట్టి స్ప్రింగు కారును తక్కువగా వాలనిస్తుంది. ట్రాకు మీద అది వరం. గతుకుల రోడ్డు మీద అదే శాపం. చక్రం గతుకును అనుసరించలేక ఎగురుతుంది. ఎగిరిన టైరుకు పట్టు ఉండదు, పట్టులేని టైరుకు బ్రేకు పనిచేయదు. కాబట్టి మెత్తదనం సుఖానికే కాదు, ప్రాణరక్షణకు కూడా.

మార్చుకునే వీలున్న సస్పెన్షనులో రెండు మరలుంటాయి. ఒకటి ఎత్తును మార్చేది. రెండోది షాకబ్జరు బిగువును "టిక్కు, టిక్కు" మంటూ మార్చే చిన్న పిడి. అయితే ఒక కిటుకు పాఠకులు గమనించాలి. పిడి తిప్పితే మారేది షాకబ్జరు బిగువే, స్ప్రింగు గట్టితనం మారదు. ఆరు కిలోల స్ప్రింగు, పిడి ఎటు తిప్పినా ఆరు కిలోలే. "ఆదివారం రేసు కారు, సోమవారం పల్లకీ" అని ప్రకటనల్లో చెప్పేది సగమే నిజం.

పెద్దవాళ్ళకూ తప్పని రాజీ

1992లో నైజెల్ మాన్సెల్ ఫార్ములా వన్ ఛాంపియన్ అయిన విలియమ్స్ కారులో సస్పెన్షనును కంప్యూటరే నడిపేది. 1994 నుంచి ఆ పద్ధతిని నిషేధించారు. మన హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున, రోజూ జనం తిరిగే రోడ్లనే ట్రాకుగా మార్చి, ఫార్ములా ఇ విద్యుత్ కార్ల పందెం జరిపారు. అలాంటి రోడ్డు మీద ఎంత గొప్ప జట్టయినా గతుకులకు తలవంచి, కాస్త మెత్తగానే పెట్టుకోవాలి. రోడ్డు చెప్పినట్టు కారు వినాలి గానీ, కారు చెప్పినట్టు రోడ్డు వినదు.

నేను వేసిన లెక్క

మావాణ్ణి కూర్చోబెట్టి కాగితం మీద లెక్క వేశాను. ఏడాదికి వాడు తిరిగేది 12,000 కిలోమీటర్లు. కోయంబత్తూరు ట్రాకు చుట్టు 2.1 కిలోమీటర్లు. రోజుకు నలభై చుట్లు, ఏడాదికి రెండు రోజులు. మొత్తం 168 కిలోమీటర్లు. అంటే నూటికి ఒకటిన్నర కూడా లేదు! "ఒకటిన్నర పాలు వాటాదారు మాట విని, తొంభై ఎనిమిదిన్నర పాలు వాటాదారును ఏ కంపెనీ అయినా తన్నేస్తుందా?" అన్నాను. నవ్వాడు. ఆ దసరా తర్వాత మా ఇద్దరి మధ్య అదే మొదటి నవ్వు.

అప్పు ఇవ్వనన్నాను. ఏటేటా విలువ తరిగే వస్తువుకు అప్పు కూడదు. రికరింగ్ డిపాజిట్ కట్టుకోమన్నాను. ఈలోగా కంపెనీ స్ప్రింగులూ షాకబ్జర్లూ కొత్తవి వేయించి, మంచి టైర్లు, కొత్త బ్రేకు ఆయిలుతో ఒకసారి ట్రాకుకు వెళ్దామని షరతు పెట్టాను. "వెళ్దామా? నువ్వూ వస్తావా నాన్నా?" అన్నాడు, నమ్మలేనట్టు.

కోయంబత్తూరులో ఒక రోజు

తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన కోయంబత్తూరు, మన దేశపు మోటారు పందేలకు పుట్టిల్లు వంటిది. 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్ ఆ ఊరివాడే. మారుతి ఇంజనుతో తక్కువ ఖర్చు రేసు కార్లు తయారుచేయించిన కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. 2003లో మొదలైన ఆ ట్రాకుకు ఆయన పేరే పెట్టారు, కరి మోటార్ స్పీడ్‌వే అని.

నేను నీడన కూర్చుని, చేతి గడియారంతో మావాడి చుట్లు రాసుకున్నాను. కంపెనీ స్ప్రింగులతోనే, ఉదయానికీ సాయంత్రానికీ చుట్టుకు నాలుగు సెకన్లు తగ్గించాడు! కారులో ఏ మార్పూ లేదు. మారింది డ్రైవరే. ఆ తర్వాత ఒక స్నేహితుడి కారు నడిపి చూశాడు. అది ఆరు కిలోల స్ప్రింగుల కారు. ట్రాకు మీద అద్భుతమన్నాడు. సాయంత్రం అదే కారులో బసకు తిరిగి వస్తుంటే, వెనక సీట్లో నేను. ఏమీ అనలేదు. నా ముఖం చూసి వాడే అన్నాడు: "అవ్వ ఇందులో కూర్చోలేదు నాన్నా."

ఆ మాటతో విచారణ ముగిసింది.

చివరకు ఏం కొన్నాం?

పది నెలల తర్వాత డిపాజిట్ చేతికొచ్చింది. ఎక్కువ పిడులున్నది కాదు, కంపెనీ స్ప్రింగుకన్నా కొంచెమే గట్టిగా ఉండి, ఒకే పిడి ఉన్నది, నూనె సీలు పోతే మన దేశంలోనే విప్పి బాగుచేయించుకోగలిగినది ఎంచుకున్నాడు. ఎత్తు 20 మిల్లీమీటర్లకు మించి తగ్గించలేదు. అంతకన్నా దింపితే నలగడానికి చోటు చాలక రబ్బరు స్టాపరు మీద కొట్టుకుంటుంది. కింది ఆర్ముల కోణం చెడి మలుపుల్లో పట్టు కూడా తగ్గుతుంది. పిల్లలు ఇలాంటి కోరిక కోరే ఇళ్ళకు పనికొస్తుందని మేము పాటించినవి చెబుతున్నాను.

1. ముందు టైర్లు, బ్రేకులు, డ్రైవింగు పాఠం. సస్పెన్షను నాలుగోది.

2. స్ప్రింగు గట్టితనం ఎంతో అంకెల్లో అడగండి. "స్పోర్ట్స్" అన్న మాట అంకె కాదు.

3. ఎత్తు మార్చిన ప్రతిసారీ వీల్ అలైన్‌మెంటు తప్పనిసరి.

4. రోడ్డుకు ఎన్ని టిక్కులు, ట్రాకుకు ఎన్ని టిక్కులు, తేదీతో సహా పుస్తకంలో రాయండి. రాయని లెక్క లెక్క కాదు.

5. మా ఊరి ఎర్రదుమ్ము వంటిది మరల్లో చేరితే బిగుసుకుపోతాయి. వానాకాలం ముందూ తర్వాతా శుభ్రం చేయాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది కాగితం. తయారీ కంపెనీ నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను మీద 2019లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందుకని కొనకముందే ఆర్టీఓ ఆఫీసులోనూ, బీమా కంపెనీలోనూ రాతపూర్వకంగా అడగాలి. మావాడు రెండు చోట్లా అడిగాకే డబ్బు కట్టాడు. ఇంకో సంగతి. మామూలు కారు పాలసీ పందేలకూ, వేగ పరీక్షలకూ వర్తించదు. ట్రాకు మీద దెబ్బ తగిలితే ఖర్చు మన జేబుదే. అందుకు వాడిచేత వేరే డిపాజిట్ వేయించాను. పాత స్ప్రింగులు, షాకబ్జర్లు గోనెసంచిలో మా అటక మీద భద్రంగా ఉన్నాయి.

మొన్న ఉగాదికి వాడు అవ్వను మళ్ళీ ఆ దారినే తీసుకొచ్చాడు. బయలుదేరే ముందు పిడి మెత్తవైపుకు తిప్పాడట. ఆమె చళ్ళకెరె దాకా నిద్రపోయింది. గుమ్మంలో దిగి, కారు చుట్టూ ఒకసారి చూసి, "ఫరవాలేదురా, మీ తాత అయితే దీన్ని మాట్లాడుకునేవాడే" అంది.

మా నాయన వంగి కమాను చూసిన తీరు నాకు గుర్తొచ్చింది. బండిలో మనకోసం మనం కొనుక్కునేది వేగమే. వెనక కూర్చునేవాళ్ళ కోసం కొనాల్సింది మాత్రం కమాను.