కర్మాగారపు వ్యర్థముల జమాఖర్చు

సంఘసభ్యులలో జమాఖర్చు లెక్క తెలియనివారు లేరు. పది క్వింటాళ్ల పత్తి జిన్నింగు మిల్లునకు పోయినచో దూది యెంత, గింజ యెంత, తరుగు యెంత యని అడిగి తెలిసికొందుము. తరుగు మితిమీరినచో శంకింతుము. కర్మాగారముల వ్యర్థముల విషయమునను ఇదే లెక్క వర్తించును. ఆ లెక్కను ప్రభుత్వమునకు సమర్పించుట కర్మాగారమునకు విధి. దానిని చూచుట పొరుగు రైతునకు హక్కు. ఈ రెండవ సంగతి మనలో పెక్కుమంది యెరుగరు.

కట్టంగూరునకు పడమట, హైదరాబాదు రహదారి వెంట, చిట్యాల, చౌటుప్పల్ ప్రాంతములయందు మందుల ముడిసరుకు తయారుచేయు కర్మాగారములు గలవు. ఈ పరిశ్రమ స్వభావమును ముందుగా గ్రహింపవలెను. రోజర్ షెల్డన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1992లో ప్రకటించిన లెక్క ప్రకారము, మందుల తయారీలో ఒక కిలో సరుకునకు 25 మొదలు 100 కిలోల వరకును, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, వ్యర్థము పుట్టును. కావున మందు చేయుటకంటె మిగిలినదానిని నిరపాయముగా సాగనంపుటయే పెద్ద పని.

ఆ పని సక్రమముగా జరుగు విధమిది. ఉప్పు హెచ్చుగా నున్న నీటిని వేరుచేసి కాచి ఆవిరి చేయుదురు. అడుగున ఉప్పు మిగులును. తక్కిన మురుగునీటిని సూక్ష్మజీవులచే శుద్ధి చేయింతురు. ద్రావకములను బట్టిపట్టి మరల వాడుదురు. మండు స్వభావముగల మడ్డిని సిమెంటు బట్టీలకు పంపుదురు. తక్కిన అపాయకరమైన వ్యర్థమును దుండిగల్‌లోని ప్రత్యేక కేంద్రమునకు చేర్చి, కాల్చుటయో, నీరు దిగకుండ అడుగున పొరలు పరచిన గోతులలో పూడ్చుటయో చేయుదురు. ఇందులో ఏ మెట్టు తప్పినను ఆ ఖర్చు మిల్లువానికి మిగులును. నష్టము మన బావికి వచ్చును.

ఇక లెక్కలు మూడుచోట్ల కనబడును. మొదటిది గేటు ముందరి పలక. అపాయకర వ్యర్థములు గల ప్రతి కర్మాగారము తాను వాడు రసాయనములను, విడుచు నీటిని, వాయువులను, ఘనవ్యర్థములను బయట పలకపై వ్రాసి చూపవలెనని సర్వోన్నత న్యాయస్థానము 2003లో ఆజ్ఞాపించెను. రెండవది, 2016 నాటి నియమముల ప్రకారము జూన్ 30లోగా కాలుష్య నియంత్రణ మండలికి పంపు అపాయకర వ్యర్థముల వార్షిక లెక్క. ఇట్టి వ్యర్థమును సాధారణముగా 90 దినములకు మించి ఆవరణలో నిలువయుంచరాదు. లారీతో పోవు రవాణా చీటీకి ఏడు ప్రతులు, ఒక్కొక్కటి ఒక్కొక్క రంగు. మూడవది సెప్టెంబరు 30లోగా సమర్పించు పర్యావరణ నివేదిక. దానియందు నీరు, ముడిసరుకు ఎంత వాడినది, వ్యర్థమెంత పుట్టినది, ఎట్లు పోయినది చూపవలెను.

ఈ మూడింటిని పక్కపక్కన బెట్టి చూడవలెను. ఒక కర్మాగారము ఏటికి 40 టన్నుల మందు చేసి, 100 టన్నుల వ్యర్థమే చూపినదనుకొందము. అది దోషమునకు రుజువు కాదు. మరల వాడిన ద్రావకము వలనను, సరుకు భేదము వలనను లెక్క మారవచ్చును. కాని మిగిలినదెక్కడ అని అడుగుటకు అది చాలిన ఆధారము.

అడుగకున్న ఏమగునో పటాన్‌చెరు చూపినది. అచ్చటి కర్మాగారముల మురుగు నక్కవాగున పడి, పొలములు, బావులు చెడగా 1990లో సర్వోన్నత న్యాయస్థానమున వ్యాజ్యము పడెను. ఆ వ్యవహారము న్యాయస్థానములు మారుచు సాగి, 2017లో జాతీయ హరిత న్యాయస్థానము తీర్పు చెప్పువరకు 27 ఏండ్లు గడచెను. అక్కడ శుద్ధిచేసిన నీటిని గొట్టపుమార్గమున అంబర్‌పేటకు తెచ్చి, మరల శుద్ధిచేసి మూసీలో విడుచు ఏర్పాటు ఆ వ్యాజ్యము సాగుచుండగనే జరిగెను. మూసీ మన జిల్లా గుండ పారి వాడపల్లి కడ కృష్ణలో కలియును. ఎగువవాని నిర్లక్ష్యము దిగువవానికి చేరకపోదు.

నేనెరిగిన ఒక రైతు బత్తాయి తోట ఎండసాగెను. బత్తాయి ఉప్పునీటికి ఓర్వదు. అధికారి వచ్చి, “మునుపు ఈ బావినీరెట్లుండెను?” అని అడిగెను. రైతుకడ కాగితము లేదు. సమీప కర్మాగారమువారు, ఆ నీరు మొదటినుండియు అంతేయనిరి. ఆ మాటకు బదులు చెప్పగల చీటీ ఒక్కటైన లేకపోయెను. తోట పోయెను.

కావున సభ్యులకు నా మనవి. వానలు వెనుదీసిన పిమ్మట ఒకమారు, మే నెలలో ఒకమారు బావినీటిని పరీక్ష చేయించి, ఫలితపు చీటీని సంఘమున దాచియుంచుడు. సాగునీటికి విద్యుద్వాహకత 2250 మైక్రోమోలు మించరాదని కేంద్ర మండలి ప్రమాణము. ఫ్లోరైడును మాత్రము కర్మాగారముపై మోపకుడు. మన జిల్లా నీట అది రాతినుండి దిగినది. అట్టి వాదము నిలువదు సరికదా, నిజమైన ఫిర్యాదును సైతము చెరుచును. వార్షిక లెక్కల నకళ్లకై 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద ఒక సభ్యుని పేర మండలికి తెలుగులోనే దరఖాస్తు చేయవచ్చును. 30 దినములలో జవాబు రావలెను. పెద్ద కర్మాగారము క్రొత్తగా వచ్చునప్పుడు జరుగు బహిరంగ విచారణకు ముందు తెలుగు సారాంశమును అడిగి తీసికొని చదువుడు.

బావి చెడిన పిమ్మట వ్రాయు అర్జీకంటె, చెడకముందు దాచిన చీటీకి బలమెక్కువ.