ఆవూ దూడా ఓడిన రాత్రి

1977 మార్చి 20, ఆదివారం. ఢిల్లీలో పత్రికాఫీసులన్నీ బారులు తీరి ఉండే బహదూర్ షా జఫర్ మార్గ్ మీద పొద్దుగూకేసరికే జనం పోగయ్యారు. ఇళ్ళల్లో రేడియోలు లేక కాదు. ఎమర్జెన్సీ మొదలైన నాటి నుంచీ ప్రభుత్వం చెప్పమన్నదే చెబుతూ వచ్చిన ఆకాశవాణి మీద వాళ్ళకు నమ్మకం పోయింది. రాయ్‌బరేలీలో ప్రధాని వెనకబడ్డారన్న కబురు ఊరంతా పాకిపోయినా రేడియో చాలాసేపు ఆ మాట ఎత్తలేదు. అందుకే ఫలితం తెలియాలంటే పత్రికల వాళ్ళు కార్యాలయాల ముందు పెట్టిన బోర్డుల దగ్గర నిలబడాల్సి వచ్చింది. బోర్డు మీద కొత్త అంకె పడినప్పుడల్లా కేకలు, ఈలలు, డోలు చప్పుళ్ళు. ఒక మంత్రి ఓడితే ఒక హోరు, ఇంకో మంత్రి ఓడితే అంతకు మించిన హోరు.

రక్షణ మంత్రి బన్సీలాల్ భివానీలో ఓడిపోయారు. పత్రికల మీద సెన్సారు కత్తి పట్టుకుని కూర్చున్న సమాచార శాఖ మంత్రి విద్యాచరణ్ శుక్లా రాయ్‌పూర్‌లో పోయారు. అమేథీలో ప్రధాని కొడుకు సంజయ్ గాంధీ పోయారు. ఆఖరికి రాయ్‌బరేలీ. రాజ్ నారాయణ్‌కు 1,77,719 ఓట్లు, ఇందిరా గాంధీకి 1,22,517. తేడా 55,202. ఆరేళ్ళ క్రితం ఇదే చోట ఇదే మనిషిని ఆమె లక్షకు పైగా ఓట్లతో ఓడించారు. ఆ గెలుపు చెల్లదని 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు తీర్పు ఇవ్వడం, 25 అర్ధరాత్రి ఎమర్జెన్సీ రావడం ఒకదాని వెంట ఒకటి జరిగాయి. ఆ కథ మొదలైన నియోజకవర్గమే దాన్ని ముగించింది. భారతదేశంలో పదవిలో ఉన్న ప్రధాని సొంత నియోజకవర్గంలో ఓడిపోవడం అదే మొదటిసారి.

తెల్లవారేసరికి, మార్చి 21న, ఎమర్జెన్సీ ఎత్తేశారు. 22న ఆమె రాజీనామా చేశారు. ప్రజల తీర్పును శిరసా వహిస్తున్నానని ప్రకటించారు. 24న జనతా పార్టీ నాయకుడు మొరార్జీ దేశాయి ప్రధానిగా ప్రమాణం చేశారు. స్వతంత్రం వచ్చిన ముప్పై ఏళ్ళలో ఢిల్లీలో కాంగ్రెసేతర ప్రభుత్వం ఏర్పడడం అదే తొలిసారి. అదీ ఒక్క తుపాకీ పేలకుండా.

ఉత్తరాదిన కాంగ్రెస్ గుర్తు ఆవూ దూడా ఎంతగా తుడిచిపెట్టుకుపోయిందో అంకెలే చెబుతాయి. ఉత్తరప్రదేశ్‌లో 85 స్థానాలు, కాంగ్రెస్‌కు సున్నా. బీహార్‌లో 54, సున్నా. పంజాబ్, హర్యానా, ఢిల్లీ, హిమాచల్ అన్నిచోట్లా సున్నాలే. మధ్యప్రదేశ్‌లో ఒకటి, రాజస్థాన్‌లో ఒకటి. మొత్తం 542 స్థానాల్లో కాంగ్రెస్‌కు మిగిలినవి 154. సంకెళ్ళతో ఉన్న ఫొటోనే ప్రచారంగా, జైల్లో ఉండి పోటీ చేసిన జార్జి ఫెర్నాండెజ్‌ను ముజఫర్‌పూర్ ఓటర్లు మూడు లక్షల పైచిలుకు ఆధిక్యంతో గెలిపించారు.

ఈ కోపం రాజ్యాంగం గురించి, పత్రికా స్వేచ్ఛ గురించి మాత్రమే అనుకుంటే పొరపాటు. అది ఇంటి గడప తొక్కి వచ్చిన భయం. 1976 నవంబరులో హర్యానాలోని ఉటావర్ అనే ఊరిని తెల్లవారకముందే పోలీసులు చుట్టుముట్టారు. పదిహేనేళ్ళు దాటిన మగవాళ్ళంతా రోడ్డు మీదికి రావాలని మైకులో చాటారు. వచ్చినవాళ్ళను వాహనాల్లో ఎక్కించుకుపోయారు. వాళ్ళలో చాలామందికి బలవంతంగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఉత్తరప్రదేశ్‌లో బడిపంతులు ఆపరేషన్‌కు మనుషుల్ని తెస్తేగాని జీతం అందని రోజులవి. 1976-77లో దేశం మొత్తం మీద 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. ఢిల్లీలో తుర్క్‌మన్ గేట్ దగ్గర ఇళ్ళు కూల్చిన బుల్‌డోజర్లూ ఆ ఏడాదివే. సాయంత్రం పొలం నుంచి ఇంటికి పోవాలా, చెరకు తోటలో దాక్కోవాలా అని ఆలోచించుకోవాల్సి వచ్చిన మనిషికి ఎమర్జెన్సీ అంటే ఏమిటో ఎవరూ వివరించనక్కరలేదు.

అయినా పోలింగు రోజు దాకా వాళ్ళు నోరు విప్పలేదు. ఎవరు ఎవరికి చెబుతారో తెలియని కాలం. ఫిబ్రవరి 6న జయప్రకాశ్ నారాయణ్, అంతకు నాలుగు రోజుల ముందే కాంగ్రెస్‌ను వదిలి వచ్చిన జగ్జీవన్ రామ్ రాంలీలా మైదానంలో సభ పెట్టారు. ఆ సాయంత్రం జనాన్ని ఇళ్ళలోనే కూర్చోబెట్టడానికి దూరదర్శన్‌లో 'బాబీ' సినిమా వేశారని అప్పట్లో గట్టిగా చెప్పుకున్నారు. మైదానం నిండిపోయింది. మాట్లాడకుండా వెళ్ళి మూకుమ్మడిగా నిలబడడం అక్కడే మొదలైంది.

మరి మన దగ్గర?

ఇక్కడే ఆ ఎన్నిక చిక్కుముడి. ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలుచుకుంది. రాష్ట్రంలో పోలైన ఓట్లలో నూటికి 57 దానివే. ఉత్తరాదిన తుడిచిపెట్టుకుపోయిన పార్టీ ఇక్కడ తిరుగులేకుండా నిలిచింది. కర్ణాటకలో 28కి 26, కేరళలో కాంగ్రెస్ కూటమికి మొత్తం 20. ఢిల్లీ వీధుల్లో డోళ్ళు మోగుతున్న వేళ తెలుగు పల్లెల్లో అధిక సంఖ్యాకులు తమ అభ్యర్థి గెలిచాడనీ తమ ఇందిరమ్మ ఓడిందనీ ఒకేసారి విన్నారు. ఓటు వేసి గెలిచీ ఓడిన అనుభవం అది.

మిగిలిన ఆ ఒక్క స్థానం నంద్యాల. గెలిచింది నీలం సంజీవరెడ్డి. 1969లో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి నిలబడితే, ఆత్మప్రబోధం మేరకు ఓటు వెయ్యండని చెప్పి ఆయన్ని ఇందిరే ఓడించారు. నంద్యాల ఓటర్లు పార్లమెంటుకు పంపిన ఆ మనిషి వారం తిరక్కుండానే, మార్చి 26న, లోక్‌సభ స్పీకరయ్యారు. జులైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. రాష్ట్రమంతా ఒకవైపు నిలిస్తే ఎదురు నిలిచిన ఒకే ఒక నియోజకవర్గం దేశానికి రాష్ట్రపతినిచ్చింది.

తెలుగు ఓటరుకు స్వేచ్ఛ విలువ తెలియదని అప్పట్లో ఉత్తరాది మేధావులు కొందరు విసుక్కున్నారు. ఆ మాట అన్యాయం. ఇక్కడా ఎమర్జెన్సీ చేదు తెలిసినవాళ్ళున్నారు. వెంకయ్యనాయుడు లాంటి విద్యార్థి నాయకులు జైళ్ళలో మగ్గారు. 1975 జులైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అది ఎదురుకాల్పులా, పట్టుకుని కాల్చారా అన్న ప్రశ్నతో తర్వాత తార్కుండే కమిటీ వచ్చింది. ఆ ఏడాదే డిసెంబరు 1న నక్సలైట్ ఖైదీలైన భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరి తీశారు. అయితే ఈ దెబ్బ తగిలింది కొందరికి. ఊరూరా మగవాళ్ళను తరిమిన భయం మటుకు ఉత్తరాది స్థాయిలో ఇక్కడికి రాలేదు. కుటుంబ నియంత్రణ ఒత్తిడి ఇక్కడా ఉంది, ఉద్యోగులకు కోటాలూ ఉన్నాయి, కానీ ఉటావర్ లాంటిది తెలుగు పల్లె చూడలేదు. ఉత్తరాదిన జరిగిన సంగతి ఇక్కడి పత్రికల్లో రాయనివ్వలేదు. ఉత్తరాదిలో ఊరి నుంచి ఊరికి నోటిమాటగా పాకిన వార్తకు సెన్సారు అడ్డు కాలేదు. హిందీ తెలియని చోట మాత్రం ఆ నోటిమాటా ఆగిపోయింది.

ఈ వాదనకూ ఒక ఇబ్బంది ఉంది. ఎన్నికల తర్వాత సెన్సారు పోయింది. షా కమిషన్ విచారణలో ఎమర్జెన్సీ అత్యాచారాలన్నీ బయటపడ్డాయి, తెలుగు పత్రికలూ పుంఖానుపుంఖాలుగా రాశాయి. అన్నీ తెలిశాకే 1978 ఫిబ్రవరిలో అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయి. అప్పటికి కాంగ్రెస్ నిలువునా చీలింది. ఒక ముక్కకు అధ్యక్షుడు తెలుగువాడే, కాసు బ్రహ్మానందరెడ్డి. ముఖ్యమంత్రి జలగం వెంగళరావు కూడా ఆ వైపే. అధికారం, అధికారులు, పార్టీ యంత్రాంగం అంతా వాళ్ళ చేతుల్లో. ఇందిర చేతిలో ఉన్నది కొత్తగా వచ్చిన హస్తం గుర్తు, మర్రి చెన్నారెడ్డి. ఫలితం వచ్చేసరికి 294 స్థానాల్లో 175 ఇందిర కాంగ్రెస్‌వి. బ్రహ్మానందరెడ్డి కాంగ్రెస్‌కు 30. జనతాకు 60.

కాబట్టి తెలియక వేసిన ఓటని సరిపెట్టుకోవడం కుదరదు. ఇళ్ళ స్థలం పట్టా, భూసంస్కరణల పేరుతో దక్కిన కొంచెం భూమి, బ్యాంకు మెట్లు ఎక్కనిచ్చిన చిన్న అప్పు: ఇందిర ప్రకటించిన ఇరవై సూత్రాల పథకం తెలుగు పేదవాడి దగ్గరికి ఈ రూపంలో చేరింది. చాలామందికి అందలేదు. అందుతుందన్న ఆశ మాత్రం దళితవాడల్లో ఇందిరమ్మ పేరుతోనే ముడిపడి ఉంది. ఉత్తరాది పేదవాడి వాకిట్లోకి ప్రభుత్వం ఆపరేషన్ కత్తితో వచ్చింది, ఇక్కడి పేదవాడి దగ్గరికి పట్టా కాగితంతో వచ్చింది. ఇద్దరూ తాము చూసినదానికే జవాబిచ్చారు. అయినా గిరాయిపల్లి, ఉటావర్ మన ఓటులో తూకానికి రాలేదన్నది నిజం, అది బాధపెట్టే నిజం.

జనతా నాయకులు పదవుల కోసం కలహించుకుని ప్రభుత్వం కూలిపోయాక, 1980 జనవరిలో ఇందిర రాయ్‌బరేలీతో పాటు మెదక్‌లోనూ నిలబడ్డారు. మెదక్‌లో ఆమె మీద పోటీ చేసినది ఎస్.జైపాల్‌రెడ్డి. రెండు లక్షలకు పైగా తేడాతో గెలిచి, రాయ్‌బరేలీ వదులుకుని మెదక్‌నే ఉంచుకున్నారు. ఈసారీ రాష్ట్రంలో 42కి 41.

ఈ అంకెలు చూసి తెలుగు ఓటరు ఒకే ఇంటికి కట్టుబడ్డాడని తీర్మానించిన వాళ్ళకు ఎక్కువ కాలం పట్టలేదు లెక్క మార్చుకోవడానికి. ముఖ్యమంత్రుల్ని ఢిల్లీ నుంచి ఇష్టమొచ్చినట్టు మార్చిన తీరు ఇక్కడ గడపలోకి వచ్చిన అవమానమైంది. 1983 జనవరిలో, పుట్టి ఏడాది నిండని తెలుగుదేశం 200కు పైగా అసెంబ్లీ స్థానాలు గెలిచింది. ఇందిర హత్య తర్వాత 1984 డిసెంబరులో దేశమంతా కాంగ్రెస్‌కు 400 దాటి స్థానాలిచ్చి కన్నీటితో స్పందిస్తే, ఆంధ్రప్రదేశ్ ఆ పార్టీకి ఇచ్చినవి 6. తెలుగుదేశానికి 30. ఇందిర నాలుగేళ్ళు ప్రాతినిధ్యం వహించిన మెదక్ కూడా ఆ ముప్పైలోనే ఉంది.