మీకు తెలుసా? పెరటి కొలను, పిల్లల భద్రత

● మానేటి తీరమందలి సిరిసిల్ల ప్రాంతమునను, జగిత్యాల, కోరుట్ల పల్లెలయందును బాలురు నడుమునకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టుకొని, పెద్దల పర్యవేక్షణమున వ్యవసాయపు బావులలో ఈత నేర్చుచుండిరి. నేడు పెరటిలో ఈతకొలను కట్టించుకొన్నవారికిని, సంపు, చేదబావి మాత్రమే గలవారికిని ఆ పర్యవేక్షణమే ప్రథమ రక్ష.

● మునుగుచున్న శిశువు తరచుగా కేక వేయజాలదు, చేయి ఊపజాలదు. రెండంగుళముల నీరైనను ప్రాణాపాయము కలిగింపగలదు గనుక, పని తీరిన బకెట్టును బోర్లించి, సంపు మూతకు తాళము వేయవలెను.

● ఇంటి గోడను ఒక ప్రక్కగా లెక్కింపక, కొలను చుట్టును నాలుగడుగులకు తగ్గని కంచె నాలుగు వైపుల నిర్మించి, తనంతట తానే మూతపడు తలుపు నమర్చినచో, మూడువైపుల ప్రహరీతో పోల్చిన పిల్లలు మునుగు ప్రమాదము 83 శాతము తగ్గునని అమెరికా వ్యాధినియంత్రణ కేంద్రము తెలుపుచున్నది.

● కొలను నీటియందు క్లోరిన్ లీటరునకు 1 మిల్లీగ్రామునకు తగ్గరాదు, పీహెచ్ 7.0, 7.8 నడుమ నుండవలెను. బ్లీచింగు పౌడరును ఆమ్లముతో కలిపినచో విషవాయువు వెలువడును.

● నీటినుండి తీసిన బిడ్డను తలక్రిందులుగా త్రిప్పుటయు, పొట్ట నొక్కుటయు అనర్థదాయకములు. శ్వాస లేనిచో తక్షణమే నోటిద్వారా ఊపిరి నూది, ఛాతీని నొక్కుచు, ప్రక్కవారిచే 108కి ఫోను చేయింపవలెను.

● ఐక్యరాజ్యసమితి 2021లో జూలై 25ను ప్రపంచ జలప్రమాద నివారణ దినముగా ప్రకటించినది.