వ్యవసాయమంటే నిశ్చయం

'వ్యవసాయం' అనగానే మన తెలుగువారికి పొలం, నాగలి, పైరు స్ఫురిస్తాయి. అదే పదం హిందీ, మరాఠీ, బెంగాలీ భాషలలో వ్యాపారాన్ని, వృత్తిని తెలుపుతుంది. సంస్కృతంలో దాని మూలార్థం ఈ రెండూ కాదు. ముగించుట అనే అర్థం గల ధాతువుకు 'వి', 'అవ' అనే ఉపసర్గలు చేరి ఏర్పడిన ఈ మాటకు దృఢనిశ్చయమని అర్థం. తర్జనభర్జనలను ముగించి ఒక నిర్ణయానికి రావడమే వ్యవసాయం. రైతుకైనా, వర్తకునికైనా మొదటి పెట్టుబడి ఇదే.

నిశ్చయాత్మకమైన బుద్ధి ఒక్కటిగా నిలుస్తుందనీ, నిశ్చయం లేనివారి బుద్ధి అంతులేని శాఖలుగా చీలిపోతుందనీ గీత రెండవ అధ్యాయంలో శ్రీకృష్ణ భగవానుడు బోధించాడు. ఈ చీలిక వ్యాపారంలో ఎలా ఉంటుందో గమనించండి. బట్టల దుకాణం తెరిచిన యజమాని, ఆరు నెలలకు పక్కవాని లాభాన్ని చూసి ఫ్యాన్సీ సామాను చేరుస్తాడు. మరుసటి ఏడు చిట్టీలు మొదలుపెడతాడు. ఉన్న సొమ్ము మూడు పాయలవుతుంది. ఏ సరుకూ నిండుగా ఉండదు. కొనవచ్చినవాడు వెలితి చూసి వెనుదిరుగుతాడు. అతడిలో శ్రమకు లోటు లేదు. శ్రమ ఒకచోట నిలవకపోవడమే లోటు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ మన హైదరాబాదులోనే ఉంది. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరైన వరప్రసాదరెడ్డిగారు 1993లో తమ తల్లి పేరిట శాంతా బయోటెక్నిక్స్ సంస్థను స్థాపించారు. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి వ్యాధికి టీకాను మన దేశంలోనే తయారు చేయాలన్నది సంకల్పం. విదేశీ టీకా ధర అప్పట్లో వందల రూపాయలు, సామాన్యునికి అందనిది. ఈ పనికి పెట్టుబడి సులభంగా లభించలేదు. నాటి ఒమాన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ చేయూతనిచ్చారు. అమ్మడానికి టీకా చేతికి రాకుండానే నాలుగేళ్లు గడిచాయి. 1997 ఆగస్టులో 'శాన్‌వాక్-బి' వెలువడింది. మోతాదు దాదాపు 50 రూపాయలకే లభించింది. 2005లో ఆయనను పద్మభూషణ్ పురస్కారం వరించింది. 2009లో ఆ సంస్థ ఫ్రాన్సుకు చెందిన సనోఫీ చేతికి వెళ్లింది. యాజమాన్యం మారినా, తొలి నాలుగేళ్ల ఏకాగ్రత ఇచ్చిన ఫలం చెరిగిపోయేది కాదు.

'నిశ్చయించుకొని నష్టపోతేనో?' అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఒకే పనిని పట్టుకొని మునిగినవారూ ఉన్నారు. అందుకే నిశ్చయానికి ముందు విచారణ ఉండాలి. అర్జునుడు పదిహేడు అధ్యాయాలు విన్నాడు, సందేహాలడిగాడు. చివరి అధ్యాయంలో సైతం స్వామి అతనిని నిర్బంధించలేదు. సమగ్రంగా ఆలోచించి ఇష్టమైనట్లు చేయమన్నాడు. విచారణ లేని పట్టుదల మొండితనం. నిశ్చయం లేని విచారణ కాలహరణం.

కాబట్టి ఈ క్రమాన్ని పాటించండి. ఎవరి ఏ అవసరాన్ని తీర్చగలరో, అది మీకెంత బాగా తెలుసో ముందుగా పరిశీలించండి. ఇంటి ఖర్చులకు, పిల్లల చదువులకు కావలసిన సొమ్మును వేరుగా ఉంచండి. ఎంతకాలం, ఎంత ధనం వెచ్చించదలచారో కాగితం మీద వ్రాసి ఇంటివారికి చూపండి. పూజలో సంకల్పం చెప్పేటప్పుడు దేశాన్ని, కాలాన్ని, చేయబోయే కర్మను స్పష్టంగా పలుకుతాం గదా! వ్యాపార సంకల్పానికీ అంతటి స్పష్టత అవసరం. ఆ గడువు తీరేవరకు పక్కదారి లాభాలు ఎంత ఊరించినా వాటికి పెట్టుబడిని పంచవద్దు. గడువు ముగిసిన నాడు లెక్కలు చూసి, నిజాన్ని అంగీకరించి, కొనసాగించాలో మానాలో మళ్లీ విచారించండి.

వదులుకోవడం కష్టమే. కానీ పది గజాల చొప్పున పదిచోట్ల తవ్వినవానికి నీరు పడకపోవచ్చు. జలమున్నదని విచారించి తెలుసుకొన్న చోట లోతుగా తవ్వినవాని ఇంటికే కాదు, ఇరుగుపొరుగుకూ దాహం తీరుతుంది.