వేలిమీది చుక్క చెప్పే నానో కథ

ఓటేసి వచ్చాక ఎడమ చూపుడు వేలు ఎప్పుడైనా పరీక్షగా చూసుకున్నారా? ఆ నల్లగీత సబ్బుకు పోదు, కిరోసిన్‌కూ పోదు. అందులో ఉండే సిల్వర్ నైట్రేట్ చర్మంమీది ఉప్పుతో కలుస్తుంది. వెలుతురు తగలగానే సన్నని వెండి రేణువులుగా మారి నల్లబడుతుంది. 1962 ఎన్నికల నుంచీ మైసూరులో తయారవుతున్న సిరా అది.

వెలుగు పడితే లోహమయ్యే సిరా! కంటికి కనిపించనంత చిన్న వస్తువులను అచ్చువేయడానికి శాస్త్రవేత్తలు వెతుకుతున్నదీ ఇలాంటి సిరాల కోసమే.

గోడ కట్టినట్టు...

వరుసమీద వరుస పేర్చి గోడ కట్టినట్టు పొరమీద పొర వేస్తూ వస్తువును తయారుచేయడమే త్రీడీ ప్రింటింగ్. ప్లాస్టిక్‌తో అయితే నానో స్థాయిలోనూ ఇది తేలికే. లేజర్ కిరణం పడినచోట జిగురు ద్రవం గట్టిపడుతుంది. కానీ ప్లాస్టిక్ వేడికి ఆగదు, కరెంటును మోయదు. లోహం, గాజు, పింగాణీ కావాలి. అవేమో లేజర్‌కు అలా గట్టిపడవు. అందుకే ఈ 'అకర్బన సిరా'ల అవసరం.

ఆములో కుండలా...

అమెరికాలోని కాల్‌టెక్‌లో జూలియా గ్రీర్ బృందం 2018లో ఓ దారి చూపింది. నికెల్‌ను సేంద్రియ అణువులకు జోడించి ద్రవంగా మార్చి, లేజర్‌తో ఆకారం గీశారు. గాలిలేని కొలిమిలో 1,000 డిగ్రీల వరకూ వేడిచేస్తే ప్లాస్టిక్ ఆవిరై నికెల్ మిగిలింది. సుమారు 100 నానోమీటర్ల సన్నని పనితనం సాధ్యమైంది. మన వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు మరి!

ఓ చిక్కుంది. వస్తువు 80 శాతం కుంచించుకుపోయింది. పచ్చికుండ ఆరేటప్పుడు, కాలేటప్పుడు కుదించుకుపోతుందని, అన్నివైపులా సమంగా జరగకపోతే పగులుతుందని మన కుమ్మరులకు తెలిసిందే. ఇక్కడా అదే భయం. పైగా అంత వేడికి ఎలక్ట్రానిక్ చిప్ పాడైపోతుంది. 2023లో జర్మనీ, అమెరికా పరిశోధకులు సిలికా అణువులున్న సిరాతో 650 డిగ్రీలకే స్వచ్ఛమైన గాజును తెచ్చారు. దాంతో చిప్ మీదే గాజు కటకాలు అచ్చువేసే దారి దొరికింది.

మనకేంటి?

కర్నూలు శిలల్లో ఓ పొరకు భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు 'కోయిలకుంట్ల సున్నపురాయి'. ఇలాంటి రాయిని సీమ టన్నుల లెక్కన సిమెంటుకు పంపుతోంది. అకర్బన రసాయనం తెలిసిన చేతుల్లో పదార్థం విలువను గ్రాముల్లో లెక్కిస్తారు. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ లోహపు పొడులు, నానో పదార్థాల మీదే పనిచేస్తోంది. అక్కడిదాకా మన పిల్లలు వెళ్లగలరా అన్నదే అసలు ప్రశ్న.

దారి మొదలయ్యేది పదో తరగతిలోనే. తెల్లని సిల్వర్ క్లోరైడ్‌ను ఎండలో పెట్టి రంగు మారడం చూసే ప్రయోగం పాఠంలో ఉంది. ఈసారి మీ అబ్బాయో అమ్మాయో ఆ పాఠం చదువుతుంటే మీ వేలిమీది చుక్క గుర్తుచేయండి!